మొక్కల మీద పన్ను

కడియపులంక,
గురువారం.

వీరభద్రం అన్నయ్యగారికి నమస్కారాలు.

మా ఆడపడుచు భర్తా మీరే, మా నర్సరీకి టాక్స్ కన్సల్టెంటూ మీరే. ఫోన్లో అయితే గొడవైపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

జీఎస్టీ రేట్లు మారాయని మొన్న మా ఊళ్ళో ఆఫీసర్లు మీటింగు పెట్టారండి. నేను లేచి, "మా మొక్కల మీద పన్ను ఎంత తగ్గిందండి?" అని అడిగాను. ఆఫీసరుగారు నన్ను వింతగా చూసి, "మొక్కలకి అసలు పన్నే లేదు కదమ్మా! మొక్కలు మాత్రమే అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. మీకెవరు చెప్పారు?" అన్నారు. హాలంతా నవ్వారు. ఇంటల్లుడి పేరు చెప్పలేక, యూట్యూబులో చూశానన్నాను.

"పన్ను వెయ్యకపోతే జైలే" అని మీరంటే మూడేళ్ళు భయపడి వేశాం. మా గులాబీలు ఖరీదెక్కువని బెంగళూరు కాంట్రాక్టర్లు పక్క నర్సరీకి పోయారు. నేను సరిగ్గా నీళ్ళు పెట్టకే బేరాలు పోతున్నాయని మీ బావమరిది నన్ను తిట్టారు. నిజమేననుకుని ఏడ్చాను కూడా. మీరు మాత్రం నెలనెలా ఫీజు తీసుకున్నారు, వచ్చినప్పుడల్లా నాచేత పీతల కూర వండించుకున్నారు.

రిజిస్ట్రేషన్ రద్దుకి నేనే దరఖాస్తు పెట్టాను. మీరు చెప్పినంత బ్రహ్మవిద్యేం కాదండి. రేటు తగ్గించామని తెలిసి, పాత కాంట్రాక్టరు ఒకాయన నిన్న లారీ లోడు అడిగారు.

ఈ ఆదివారం మాత్రం మీరు రాకండి. మా రోడ్డులోని నర్సరీల వాళ్ళు ఆరుగురు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. ఆరుగురికీ కన్సల్టెంటు మీరేనట.

ఇట్లు,
మీ చెల్లెలు