నాగరాజు మామకు రెండు జవాబులు

2006 ఆగస్టు 12, శనివారం

నాయన పొట్టేలును అమ్మి ఇచ్చిన డబ్బుతో ఇవాళ సూర్యాపేటలో ప్రోలాగ్ సీడీ కొన్నాను. వాస్తవాలు, నియమాలు రాసిపెడితే జవాబు తనే తేల్చే కంప్యూటర్ భాష అది. నా ఎంసీఏ ప్రాజెక్టుకు తప్పదు. నిజానికి ఉచితంగా దొరికే ప్రోలాగ్‌ను పోయిన వారమే కోదాడ నెట్ సెంటర్‌లో ఎక్కించుకొచ్చి, ఇంటి కంప్యూటర్‌లో వేసి చూశాను. మా చుట్టరికాలన్నీ రాసి, నాగరాజు నాకేమవుతాడని అడిగాను. మామ అంది. దాని కిందే బావ అని కూడా అంది. ఊరికే వచ్చినదాని తెలివి ఇంతేనని తీసిపారేశాను.

సాయంత్రం కొత్తదాన్నీ అదే అడిగాను. మామ. కింద బావ.

ఏడుపొచ్చింది. బియ్యం ఏరుతున్న అమ్మ నా గోడు విని, "అండ్ల తప్పేముందే? మీ అక్కను నా తమ్మునికే ఇస్తిమి గదా. మామా ఆయనే, బావా ఆయనే" అంది.

చిన్నప్పటి నుంచీ మామా అనే పిలుస్తున్నాను. అక్క పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు. బావ అవుతాడని నాకు తట్టనేలేదు...

సీలు చింపిన సీడీని షాపువాడు వాపసు తీసుకోడు. పొట్టేలూ తిరిగి రాదు.

ఇందాక నాయన గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి అడిగాడు. "కొత్తది మంచిగ చెప్తదా బిడ్డా?"

"మంచిగనే చెప్తది నాయనా."

"మరి పైసల్ పెట్టినంక చెప్పదా!" అంటూ తృప్తిగా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.