ఒకటో నంబరు

యూనివర్సిటీ హాస్టలు,
14 జులై 1962

ప్రియమైన బావకు,

అత్త చెంచమ్మకి నా దండాలు చెప్పు. ఎమ్మేలో చేరి రెండు వారాలయింది. చదువు పేరు ఆంత్రపాలజీ. మనిషి గురించి చదివే చదువు. ఎముకలు, పుర్రెలు, రక్తం, అన్నీ ఉంటాయి. మొన్న ఒక గుడ్డ సంచిలో ఎముకలు పోసి, లోపలికి చెయ్యి పెట్టి, చూడకుండా ఏ ఎముకో చెప్పమన్నారు. బురద నీళ్ళలో చెయ్యి పెట్టి చేప పేరు చెప్పే వాళ్ళింట్లో పుట్టినవాణ్ణి కదా, పదకొండు వరసగా చెప్పాను. క్లాసులో ఇంకెవరూ ఆరు దాటలేదు.

ఆ సంతోషం రెండు రోజులే. బుధవారం కొలతల పాఠం. తల వెడల్పు, ముక్కు పొడవు కొలవడానికి వంకర చేతులున్న ఇనప పనిముట్టు ఒకటుంటుంది. లెక్చరరు నన్ను ముందుకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. "సముద్రం ఒడ్డు జనానికి మంచి నమూనా మన క్లాసులోనే దొరికింది, ఇంక ఎండలో తిరిగే పని లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. పద్దెనిమిది మంది వరసగా వచ్చి నా ముక్కు కొలిచారు. ఒక్కొక్కడికి ఒక్కో అంకె వచ్చింది. ఒకడు కొలిచాక రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఈ హాస్టల్లో శాకాహారమే బావా. ఇక్కడికొచ్చాక నేను చేప ముట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. డిసెంబరు సెలవుల్లో ఒకే ఊళ్ళో, ఒకే కులం వాళ్ళని యాభై మందిని కొలిచి, వేలి చివర రక్తం చుక్క తీసి, పుస్తకం రాసి ఇవ్వాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. మన ఊరే పెట్టుకోమన్నాడు లెక్చరరు. నాకు ఇష్టం లేదు. కానీ నేను కాదంటే ఆ రుమాలు వాణ్ణి పంపిస్తారు. అది అసలే ఇష్టం లేదు. మనవాళ్ళని నువ్వే ఒప్పించాలి.

నీ జవాబు కోసం చూస్తూ,
కామాక్షయ్య

జువ్వలదిన్నె,
3 ఆగస్టు 1962

కామాక్షయ్యకి బావ చిన్నపోలయ్య కోపంగా రాసేది.

వాడు చేతులు తుడుచుకున్నాడని చదివినాక నాకు బువ్వ దిగలా. పద్దెనిమిది మంది కొలస్తా ఉంటే కొయ్య మాదిరి కూచుంటివా. వాళ్ళ ముక్కులు నువ్వు కొలిచినావా లేదా? అది రాయలేదు. నేనైతే ఆ ఇనప ఎండ్రకాయని ఆ లెక్చరరు ముక్కుకే తగిలిచ్చి, బడి దాటి వచ్చేసుండేవాణ్ణి. అందుకే నేను ఇక్కడ ఉండా, నువ్వు అక్కడ ఉండావు.

అబ్బయ్యా, మన పల్లెలో మనిషిని ఎప్పుడు కొలస్తారో మరిచినావా? గొయ్యి తవ్వే ముందు తాడేసి కొలస్తారు. బతికుండేవోణ్ణి కొలిచింది లేదు. పెద్దాయన హజరత్తయ్యని అడిగితే, "ఎవురు సచ్చినారని కొలతలు?" అన్నాడు.

"కామాక్షయ్య పాసు కావాలంటే సావాల్సిన పన్లే మామా, నిలబడితే చాలు" అంటి.

"అయితే ముందు నువ్వు నిలబడు. మూడు దినాలకి గూడా నువ్వు బతికుంటే అప్పుడు మేం చూస్తాం" అన్నాడు.

సరే అని వచ్చినా. నన్ను ఒకటో నంబరు రాసుకో. సిరాతో రాయి. ఎనిమిదో తరగతిలో నేను బడి మానినప్పుడు అయ్యవారు రిజిస్టర్లో నా పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టినాడు. నేను కిటికీ కాడ నిలబడి చూసినా. ఆ గీత ఇప్పటికీ కళ్ళలో ఉండాది. మళ్ళా నా పేరు ఒక పుస్తకంలోకి ఎక్కేది ఇదే. నవ్వబాక.

రా. నేను చూసుకుంటా.

నీ బావ,
చిన్నపోలయ్య

యూనివర్సిటీ హాస్టలు,
9 జనవరి 1963

ప్రియమైన బావకు,

క్షేమంగా చేరాను. నువ్వు లేకపోతే ఈ పని జరిగేది కాదు. నువ్వు ముందు నిలబడి, మూడు రోజులు ఊరంతా తిరుగుతూ "చూడండి, ఇంకా సావలా" అని అందరికీ కనిపించడం నాకు జన్మలో మరుపు రాదు. నాలుగో రోజు జనాన్ని ఆపడం కష్టమైంది. యాభై చాలన్నా యాభై ఒక్క మంది నిలబడ్డారు. రక్తం పరీక్ష మందు ఎండకి పాడవుతుందంటే బిట్రగుంటకి పోయి, చేపలకి వేసే ఐసు పొట్టులో చుట్టి రోజూ సైకిలు మీద తెచ్చావు. అది మా లెక్చరరుకి చెప్తే నమ్మలేదు.

ఇంకొక పరీక్ష చేశాను గుర్తుందా, నాలిక మీద కాగితం ముక్క పెట్టేది? కొందరికి అది చేదు విషంలా ఉంటుంది, కొందరికి ఏ రుచీ తెలియదు. పుట్టుకతో వచ్చే గుణం అది. హజరత్తయ్య మామ ఉమ్మేసి నన్ను తిట్టాడు. అత్త మాత్రం చప్పరించి, "చేదేముంది అబ్బయ్యా, బాగానే ఉండాది" అంది. రుచి తెలియనివాళ్ళ గడిలో రాసుకున్నాను.

పుస్తకం పూర్తయ్యాక ఒక కాపీ పంపిస్తాను. ఊరందరికీ చూపించు.

ఇట్లు
కామాక్షయ్య

జువ్వలదిన్నె,
21 ఏప్రిల్ 1963

కామాక్షయ్యా,

క్షేమసమాచారాలు రాసే ఓపిక లేదు.

నీ పుస్తకం వచ్చింది. వలలు ఆరేసే కాడ ఊరంతా చుట్టూ కూచున్నారు. చివర పేజీల్లో పేర్లుండాయంటే ఒక్కొక్కటీ కూడబలుక్కోని చదివినా. ఎనిమిది దాకా చదివినోణ్ణి, ఇంగ్లీషు అచ్చరాలు ఇంకా మరిచిపోలా. హజరత్తయ్య పేరు ఉండాది. మా అమ్మ పేరు ఉండాది. మీ నాయన వెంకయ్య పేరు ఉండాది. పేరు వచ్చినోళ్ళందరూ చెయ్యెత్తి నవ్వినారు. యాభై పేర్లు చదివినా. నా పేరు లేదు.

మళ్ళా మొదట్నించి చదివినా. లేదు.

"ఏంరా ఒకటో నంబరూ, నిన్ను సముద్రంలో పారేసినాడా మీవాడు?" అన్నాడు హజరత్తయ్య. జనం నవ్వినారు. నేనూ నవ్వినా. 

మూడు దినాలు నన్ను శవాన్ని చూసినట్టు చూసినారు ఊళ్ళో. నీకోసం. నా తల, నా ముక్కు, నా నెత్తురు తీసుకోని పోయినావు. యాడ పెట్టినావు?

జవాబు రాయి. సాకులు రాయబాక.

చిన్నపోలయ్య

యూనివర్సిటీ హాస్టలు,
2 మే 1963

ప్రియమైన బావకు,

నీ కోపం న్యాయమే. కాని ఇందులో పెద్ద విషయమేమీ లేదు. కావలసింది యాభై మంది, కొలిచింది యాభై ఒక్క మందిని. ఎవరో ఒకరిని తీసెయ్యాలి. మొదటి రోజు రక్తం మందు సరిగ్గా చల్లబడలేదు, నీ చుక్క పాడయింది. అందుకని నిన్ను తీశాను. నువ్వు మనవాడివి, నువ్వైతే అర్థం చేసుకుంటావనుకున్నాను.

పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఎక్కువ రాయలేను.

ఇట్లు
కామాక్షయ్య

జువ్వలదిన్నె,
10 మే 1963

కామాక్షయ్యా,

నా ఐసు చల్లబడలేదా?

ఆ మొదటి దినం తెచ్చిన ఐసు ఇంత బండ. సాయంత్రం మిగిలింది పిల్లోళ్ళు కొరుక్కోని తిన్నారు. నువ్వూ తిన్నావు. పళ్ళు జివ్వుమన్నాయన్నావు. ఊరంతా మూడు దినాలు ఆగినా మా అమ్మ ఆగలా; అదే దినం, అదే సీసా మందుతో, నా ఎనకాలే ఆమె నెత్తురు చూసినావు. ఆమెది పాడు కాలా, నాదే పాడయిందా? ఎవురికి చెప్తావు ఇది?

ఒకణ్ణి తీసెయ్యాలంటే చివరాఖరికి వచ్చినోణ్ణి తీస్తారు. మొదట నిలబడినోణ్ణి ఎవురన్నా తీస్తారా?

నువ్వు అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పుడు మా ఉట్టిలో ఎండు రొయ్యలు తిని, తినలేదన్నప్పట్నించీ చూస్తా ఉండా. ఈ కాగితం మీద కూడా ఎర్రగా కనిపిస్తా ఉండాయి.

ఊళ్ళో పిల్లోళ్ళు గూడా నన్ను "పేరు కొట్టేసినోడు" అంటా ఉండారు. ఒకడి చెంప పగలగొట్టినా. ఆ దెబ్బ నీది.

ఈసారి నిజం రాయకపోతే నేనే వచ్చి ఆ స్టూలు మీద కూచుంటా. మీ లెక్చరర్నే అడుగుతా.

చిన్నపోలయ్య

యూనివర్సిటీ హాస్టలు,
19 మే 1963

ప్రియమైన చిన్నపోలయ్యకు,

ఈ ఉత్తరం చదివి చించెయ్యి. అత్తకి చెప్పవద్దు.

రక్తంలో గ్రూపులుంటాయి. అవి తల్లిదండ్రుల నుంచే పిల్లలకి వస్తాయి. అత్తది 'ఓ' గ్రూపు. నీది 'ఏబీ'. 'ఓ' గ్రూపు తల్లికి 'ఏబీ' బిడ్డ పుట్టడు. నేను పొరపాటు పడ్డానేమోనని ఇద్దరిదీ రెండో రోజు మళ్ళీ చేశాను. సాకు చెప్పి నీ వేలు మళ్ళీ గుచ్చింది అందుకే. అదే వచ్చింది.

ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను. ఇక్కడ లెక్చరరు లెక్కలు దిద్దుతూ అది పట్టుకున్నాడు. "ఈ మనిషి ఆమె కొడుకు కాదు. ఈ జనం బంధుత్వాలు అడిగితే అబద్ధాలే చెప్తారు. ఆమె ఉండనీ, ఇతణ్ణి తీసెయ్" అని నీ పేరు మీద అడ్డగీత కొట్టాడు. పెన్సిలుతోనే. నేను నోరు తెరవలేదు. అత్తని అబద్ధాలకోరు అంటుంటే నిలబడి విన్నాను. తెరిస్తే ఏం చెప్పాలో తెలియలేదు. నీకు తెలియని సంగతి నీకంటే ముందు వాళ్ళ ముందు ఎలా చెప్పను?

ఇరవై మూడేళ్ళు అమ్మ అనుకున్న మనిషి గురించి ఇలాంటి మాట నా చేత్తో రాయవలసి వచ్చింది. నన్ను క్షమించు.

కామాక్షయ్య

బుచ్చిరెడ్డిపాలెం,
2 జూన్ 1963

కామాక్షయ్యా,

పైన ఊరి పేరు చూసినావా? బుచ్చి. ఎండు చేపల గంపలు బండికెత్తుకోని వడ్ల కొట్ల కాడికి వచ్చినాం, నేనూ మా అమ్మా. నీ ఉత్తరం వచ్చిన పది దినాలకి గాని జవాబు రాయలా. ఎందుకంటే ఈ జవాబు మన ఊళ్ళో కూచోని రాయగూడదు.

నన్ను కన్నామె చెంచమ్మ కాదు. నాకు తెలుసు. పద్నాలుగో ఏట్నించీ తెలుసు. హజరత్తయ్యకి తెలుసు. మీ నాయన వెంకయ్యకి తెలుసు. నన్ను "కొట్టేసినోడు" అన్న పిల్లోళ్ళకి తప్ప ఊళ్ళో పడవెక్కిన ప్రతి మగోడికీ తెలుసు.

నా కన్న తండ్రి మా నాయన పడవలో పోయి తిరిగి రాలా. కన్నామె నేను పుట్టిన పదో దినం జ్వరంతో పోయింది. మన పల్లెలో అట్ట మిగిలిన బిడ్డని ఆ పడవ యజమాని ఇంటికే ఇస్తారు. ఆ వారమే మా అమ్మ బిడ్డ పోయినాడు. వాడికి పెట్టాలనుకున్న పేరు నాకు పెట్టింది. వాడి పాలు నాకు పట్టింది. అట్టా తీసుకున్న బిడ్డ సంగతి అలల చప్పుడు వినిపించే చోట ఎవురూ నోరెత్తరు. సముద్రం వింటే మిగిలినోణ్ణి గూడా అడుగుద్దని. పిల్లోడు పద్నాలుగేళ్ళకి పడవెక్కే ముందు ఈ బుచ్చికి తీసుకొచ్చి, ఎవురింట్లో తీసుకున్న బిడ్డ ఎవురో చెప్తారు. అట్టాంటోణ్ణి పడవ కొనన కూచోబెట్టరు, నడిమధ్యన కూచోబెడతారు. అది తెలవాలి గదా.

నువ్వు తొమ్మిదేళ్ళకే కావలి హాస్టలుకి పోయినావు. పడవెక్కలా. అందుకని నీ ఒక్కడికే ఎవురూ చెప్పలా. ఊరంతటిలో తెలవనోడివి నువ్వొక్కడివే. నువ్వొచ్చి ఊరందరి నెత్తురూ తీసి, మాకే తెలవదనుకుంటివి.

నేను లెక్కలు రాక బడి మానినాననుకున్నావు నువ్వు. ఇక్కడే, ఈ వడ్ల బస్తాల పక్కన, మా అమ్మ నాకు చెప్పింది. మరుసటి దినం బడికి పోబుద్ది కాలా. ఆమెకి ఒక గంప చేపలు నా చేత్తో తెచ్చి పెట్టాలనిపించింది. అంతే.

నా కోపం నెత్తురు మీద కాదు. నువ్వు "మీ అమ్మ పేరేంది?" అని అడిగినావు. "చెంచమ్మ" అంటి. ఎవురు కన్నారని అడగలా. మీ లెక్చరరూ అడగలా. అడగనిదానికి మేం అబద్ధం చెప్పినామంట. ఆ మాట వాడంటే నువ్వు విన్నావు. పద్దెనిమిది మంది నీ ముక్కు కొలిచినప్పుడు కూచున్నట్టే కూచున్నావు. అది నీ ముక్కు, నీ ఇష్టం. ఇది మా అమ్మ.

ఇంకోటి. ఇన్ని ఉత్తరాల్లో "ప్రియమైన బావకు" అని రాసినోడివి, పోయిన ఉత్తరంలో "చిన్నపోలయ్యకు" అని రాసినావు. నెత్తురు కలవలేదని తెలిసి, రాసేటప్పుడు చెయ్యి ఆగిందా? కొలత పుస్తకంలో నన్ను కొట్టేసింది మీ లెక్చరరు. ఉత్తరంలో కొట్టేసింది నువ్వు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తా. ఆ పుస్తకానికి అట్ట వేసి బీరువాలో పెట్టినా సరే, తీయించు. ఒకటో నంబరు, చిన్నపోలయ్య. తల్లి గడిలో చెంచమ్మ. నెత్తురు గడిలో ఏబీ అనే రాయి, దాచబాక. దాని కింద మన పల్లె పద్ధతి గురించి నాలుగు ముక్కలు రాయి. సిరాతో. మీ కాలేజీ సముద్రం ఒడ్డునే ఉండాది గదా, పైకి చదవబాక. మీ లెక్చరరు మళ్ళా గీత కొడితే మళ్ళా రాయి. ఆ పేజీ నాకు చూపించినాకే ఊళ్ళోకి రా.

మా అమ్మ పక్కనే గంప మీద కూచోనుండాది. నీ ఉత్తరం చదివి వినిపించినా. చించేది లేదని చెప్పినా.  తర్వాత, ఆ పుస్తకంలో తనవల్ల ఒక తప్పు నిజంగానే ఉండాదంట, దిద్దమని రాయమంది. ఆ కాగితం ముక్క చేదు విషమంట. నువ్వు అంత దూరం నించి మోసుకొచ్చి చేతిలో పెడితే, చేదని ముఖాన చెప్పలేక బాగుందనిందంట. నువ్వు పోయినాక గుప్పెడు బెల్లం తినిందంట. మా అమ్మ నీకు చెప్పిన అబద్ధం అదొక్కటే.

నీ బావ,
చిన్నపోలయ్య