ఉజ్జాయింపు పంతులమ్మ

రాజమహేంద్రవరం,
1896 ఆగస్టు 14.

ప్రియమైన అన్నయ్య జ్ఞానప్రకాశానికి చెల్లెలు రూతు వందనాలు. దేవుని దయవల్ల అమ్మా నేనూ కులాసా. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. అమ్మకు దగ్గు తగ్గింది.

మా బడిలో కొత్త పంతులమ్మ ప్రసన్నకుమారిని నీకిస్తామంటున్నారనీ, పిల్ల ఎలాంటిదో ఉన్నదున్నట్టు రాయమనీ అడిగావు. నా మాట చూశాకే పాలకొల్లు నుంచి వాళ్ళకు కబురు పంపుతానన్నావు. సరే, రాస్తున్నాను.

ఆ పిల్లకు ఏదీ కచ్చితంగా చెయ్యడం రాదు. భాగహారమిస్తే ముందు బలపమే పట్టదు. 5,887 బస్తాలు 29 పడవలకు పంచమంటే, ఆరువేలనుకోండి, ముప్ఫై అనుకోండి, పడవకి ఇంచుమించు రెండొందలండి అంటుంది. దగ్గరున్నది 5,900 అయినా, ముప్ఫైతో శేషం లేకుండా పోయే ఆరువేలే పట్టుకోవాలట! అంకెలు మనం అనుకున్నట్టల్లా ఉంటాయా? ఎనిమిదేళ్ళుగా ఎక్కాలు వల్లె వేయిస్తున్నదాన్ని నేను. ఇప్పుడు నా పిల్లలు నా ఎదుట కూర్చుని ఆమె గదివైపు చెవులు పెడుతున్నారు. ఒళ్ళు మండదా?

మొన్న ఇన్‌స్పెక్టరు దొరగారు తనిఖీకి వస్తే నా తరగతిలోనూ దూరింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? దొరగారు ఆమెను తెగ మెచ్చుకున్నారు. అయిదో తరగతి లెక్కలు ఆమెకిస్తే ఎలా ఉంటుందమ్మా అని పాస్టరుగారు నన్నే అడిగారు. మీ ఇష్టమండి అన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. అవును, నాకు అసూయే. ఆమె జడ చూసినా అసూయే.

అన్నయ్యా, కూరలో ఉప్పు కూడా ఉజ్జాయింపుగానే వేస్తుందేమో! బాగా ఆలోచించుకో.

నీ చెల్లెలు
రూతు

తా.క.: ఉత్తరం మడిచాక మనసొప్పక మళ్ళీ విప్పాను. తనిఖీనాడు దొరగారు నా తరగతికిచ్చింది ఆ బస్తాల లెక్కే. నా పిల్లల్లో అందరికంటే చురుకైన రత్నమాణిక్యం మధ్యలో సున్నా మరిచి పలకమీద 23 వేసింది. నేను చూసి కూడా తప్పు పట్టుకోలేదు. సుద్దముక్కలకోసం వచ్చిన ప్రసన్న, పడవకి ఇంచుమించు ఎంత రావాలమ్మా అని దాన్ని మెల్లగా అడిగి వెళ్ళిపోయింది. దొరగారు తన దగ్గరికి వచ్చేలోగా పిల్ల నాలుక కరుచుకుని 203 అని దిద్దుకుంది. ప్రసన్న ఈ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. నేను ఓర్వలేకపోతున్నది అదే.

నాకంటే మంచి పిల్ల. కబురు పంపు. ఆమె పాలకొల్లు వచ్చేస్తే నా తరగతి నాకే మిగులుతుంది. అందుకే రాస్తున్నానని మాత్రం అనుకోకు.