రంపపు పొట్టు తప్పేం లేదట

జూన్ 4

మా ఇంటి వడ్రంగిగారికి,

ఫోన్‌లో అయితే రెండో నిమిషానికే పోట్లాట. అందుకే ఉత్తరం.

మీరు ఆ ఊళ్లో బడి బెంచీల పనికని వెళ్లి నెల దాటింది. ముందుగదిలోంచి మీ పనిబల్ల తీయించేశాను. పొట్టంతా ఊడ్చి గోడలు కూడా తుడిచాను. అయినా మన పిచ్చుక దగ్గు తగ్గలేదు. నిద్ర లేస్తూనే మొదలు, ఛాతీలో కఫం గుళగుళమంటూ. నాలుగేళ్ల పిల్ల, ఆడుకోలేక మెట్టు మీద కూర్చుంటోంది. ఉబ్బసం అనుకుని ఇచ్చిన పీల్చే మందూ పనిచేయలేదు. ఎల్లుండి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మకు చూపిస్తాను.

వేళకు తినండి.

మీ కోపిష్టి

జూన్ 9

ప్రియమైన కోపిష్టికి,

పొట్టు పోయినా దగ్గు పోలేదంటే, ఇన్నేళ్లుగా పీల్చింది లోపలే పేరుకుపోయిందేమో. "మీ పొట్టే దాని ఉసురు తీస్తోంది" అన్నావు నేను బయల్దేరిన రోజు. కోపంలో అన్నావని తెలుసు. కానీ అబద్ధమనిపించలేదు.

నీకు చెప్పని మాట ఒకటుంది. బెంచీల పని ఎప్పుడో అయిపోయింది. ఇక్కడే గోదాములో సరుకు దించుతున్నాను. రంపం, చిత్రిక, ఉలులు మా మేస్త్రీకి ఇచ్చేశాను. పిల్ల బాగుపడితే చాలు, ఇక చెక్క ముట్టను.

డాక్టరమ్మకు నా పని సంగతి దాచకు.

నీవాడే

జూలై 2

ఏమండీ,

దాచలేదు. మొదటి రోజే చెప్పాను, ఇంట్లో వడ్రంగం పని అని, పొట్టు పడట్లేదని నేను అరిస్తే మీరు ఊరెళ్లారని.

"ఆయన ఇంట్లో ఉన్నప్పుడు దగ్గెలా ఉంది? వెళ్లాక ఎలా ఉంది?" అని అడిగింది.

"ఒకేలా ఉందండీ."

"మరి ఆయన్నెందుకమ్మా పంపేశారు?"

పాత మందుచీటీలు తీసి ఆమె ముందు పెట్టాను.

పిల్లకు మత్తిచ్చి, సన్నటి గొట్టం ఊపిరితిత్తుల్లోకి పంపి, కాస్త సెలైన్‌తో కడిగి ఆ నీళ్లు పరీక్ష చేశారు. అందులో జలుబు తెచ్చే వైరస్సూ ఉంది, బాక్టీరియా కూడా ఉంది. చిన్నబడిలో ఒకరి నుంచి ఒకరికి జలుబులు వస్తూనే ఉంటాయి కదా. వైరస్ లోపలి పొరను దెబ్బతీస్తే, అక్కడ బాక్టీరియా తిష్ట వేస్తుందట. "ఇందులో వైరస్ వాటా ఎంతో మాకూ ఇంకా పూర్తిగా తెలీదు. పొట్టు మంచిదని కాదు, ఆ పని బయట పెట్టుకోమనండి. కానీ ఈ దగ్గు దానివల్ల వచ్చింది కాదు" అంది.

ఆ బాక్టీరియాకు రెండు వారాలు మందు, మధ్యలో ఆపకూడదు. పన్నెండో రోజు పొద్దున ఇంట్లో చప్పుడే లేదు. భయపడి పరుగెత్తాను. పిచ్చుక గోడ మీద బొమ్మ గీస్తోంది. "దగ్గేదే?" అన్నాను. "లేదమ్మా" అంది, తిరిగి చూడకుండానే.

మీరు బయల్దేరిన రోజు నోరు జారాను. మనసులో పెట్టుకోకండి. మేస్త్రీని బతిమాలైనా సామాను తెచ్చుకుని వచ్చేయండి.

మీ నోటిదురుసు మనిషి

జూలై 6

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం గోదాములో బస్తా మీద కూర్చుని మూడుసార్లు చదివాను. మేస్త్రీని బతిమాలక్కర్లేకపోయింది. "నీ ఉలి నా చేతికి ఒదగలేదురా, పట్టుకుపో" అన్నాడు. ఈ రోజు బస్సుకు టిక్కెట్ కూడా కొన్నాను.

కానీ నిన్నటి నుంచి నాకు జలుబు. ఒకటే తుమ్ములు. పిచ్చుకకు అంటిస్తే మళ్లీ మొదటికొస్తుందని టిక్కెట్ రద్దు చేయించాను.

చెయ్యని తప్పుకు రెండు నెలలు దూరంగా ఉన్నవాణ్ణి. నిజంగా చెయ్యబోయే తప్పుకు ఒక్క వారం ఉండలేనా? ముక్కు ఆరగానే వస్తాను.

తుమ్ముతూ,
పిచ్చుక నాన్న