నోటితో చెప్పాల్సింది

అక్కా, క్షేమంగా చేరాను, తిండికీ నిద్రకీ లోటు లేదు, కంగారుపడకు.

ఒకప్పుడు నేను ఆడిన ఆ పేరుమోసిన నాట్యాన్నే ఇక్కడ నడిచేవాళ్లూ, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లూ కలిసి కొత్తగా రూపొందిస్తున్నారు. పాతది తెలిసినదాన్నని నన్ను పిలిచారు. చివర్లో అందరూ జనం వైపు తిరగాలి. నిన్న సాధనలో ఇద్దరు ముగ్గురు వెనకబడితే "తొందరగా తిరగండమ్మా" అని కేకేశాను. చక్రాల కుర్చీలో ఉన్న ఒకావిడ ఇంకా గోడవైపే ఉంది. గబగబా వెళ్లి, కుర్చీ వెనక పట్టుకుని తిప్పేశాను. ఆవిడ చక్రాలు ఆపేసి, "అందరికీ నోటితో చెప్పారు మేడమ్, నన్ను మాత్రం చేత్తో తిప్పారేం?" అంది. గొంతు కూడా పెంచలేదు. తీరా చూస్తే, ఆవిడ అందరికంటే చివర తిరగడమే కొత్త ఏర్పాటట. వాళ్లంతా కలిసి అలా నిర్ణయించుకున్నప్పుడు నేను ఓ మూల పాత వీడియో చూసుకుంటూ కూర్చున్నాను. తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాను. "సరే, మళ్లీ చేద్దాం" అంది కానీ నా మొహం చూడలేదు.

నా మోకాలి పట్టీ అలమరా కింది అరలో ఉంది, పంపించు. వంటింటి కుళాయి బాగుచేయించారా? బావ దగ్గు తగ్గిందా? పిల్లలకి ముద్దులు.

బయల్దేరే హడావిడిలో పిన్ని చక్రాల కుర్చీని టీవీ వైపు తిప్పేసి వచ్చాను. ఇంకా అలాగే ఉందా? ఎటు కావాలో పిన్నినే అడుగు. ఆవిడ నన్ను తిట్టినా సరే, ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు