ఆదివారం సెట్టింగ్

సెప్టెంబర్ 8, సోమవారం

బుజ్జోడా, నీ కారు ఇవాళ కూడా రూపే తీసుకుపోయింది.

వెస్లీ అన్నది చర్చిలో పెట్టిన పేరు. ఇంట్లో బుజ్జోడే. గడ్డం వచ్చినా బుజ్జోడే. జూలై నెలాఖరులో ఒక శనివారం కార్ల రేసు ట్రాక్ నుంచి జ్వరంతో వచ్చాడు. డెంగీ అన్నారు. మళ్లీ శనివారానికి నా కొడుకు లేడు. ఇంతకన్నా రాయలేను.

నేను చదివింది ఐదో క్లాసు. తప్పులు ఉంటాయి. ఉండనీ.

రెండు సీట్ల ఎర్ర కారు. ఎవరో గుద్దేసి వదిలేసుకున్న బండి. గౌస్ భాయ్ వర్క్‌షాప్‌లో పనిచేస్తూనే వాడు దాన్ని ముక్కముక్క పేర్చి నడిపించాడు. శనివారం ఊరవతల ట్రాక్‌కు, ఆదివారం నన్ను చర్చికి. చెల్లెలు రూప, వాళ్ల నాన్న వెనక స్కూటర్ మీద వచ్చేవాళ్లు. మా ఆయన రైల్వేలో రిటైరైన మనిషి. ఇది ఎక్కే బండి కాదు, పండుకునే బండి అని వాడిని ఏడిపించేవాడు.

సెప్టెంబర్ 10, బుధవారం

రూప మలక్‌పేటలో తను పనిచేసే కళ్లద్దాల షాపు నుంచి వచ్చి నడుము పట్టుకుని కూర్చుంది. కారు మస్తు గట్టిగా ఉందట. చిన్న రాయి ఎక్కినా వీపులోకి గుద్దుతుందట. గౌస్ భాయ్ చూసి, సస్పెన్షన్ ట్రాక్ కోసం బిగించి ఉంది బేటీ, వదులు చేస్తా, కాసేపటి పని అన్నాడు. రూప ఆయన మీదికి లేచింది.

"అన్న పెట్టిపోయిన సెట్టింగ్ అది. దాని మీద ఇంకో చేయి పడొద్దు."

మా ఆయన, నడుం పోతే అన్న వస్తడా అన్నాడు. నేను రూప వైపే మాట్లాడాను. వాడి దిండు గలీబు నేను ఇంతవరకు ఉతికానా? ఉతకలేదు. నాకేం హక్కుంది దానికి చెప్పడానికి.

సెప్టెంబర్ 12

వాన. బట్టలు ఆరలేదు.

సెప్టెంబర్ 13, శనివారం, సాయంత్రం

రూప కారు జారింది.

మలక్‌పేట దగ్గర వాన నీళ్లలో గుంత కనబడలేదట. కారు ఎగిరింది. బ్రేక్ వేస్తే నిలవలేదు. జారి జారి పోయి డివైడర్‌కు ఆనుకుని ఆగింది. పిల్లకు దెబ్బ లేదు. ఇంటికి రాగానే అది చెప్పిన మొదటి మాట, అన్న వేసిన రంగు గీసుకుపోయింది అని. నేను అక్కడే గడపలో కూర్చున్నాను.

మా ఆయన ఒకటే లొల్లి. ఆ బండి అమ్మిపారేయమన్నాడు. తప్పు వానది అని అది తలుపేసుకుంది. వాడు రెండేళ్లు కష్టపడి నిలబెట్టిన కారు. అమ్మమని నాకు నోరు రాదు. అట్లాగే నడపమనీ నోరు రాదు. ప్రభువా, నాకు మిగిలింది ఇదొక్కతే.

సెప్టెంబర్ 15, సోమవారం

ఎవరికీ చెప్పకుండా గౌస్ భాయ్ దగ్గరికి పోయాను. ఆపా అని స్టూల్ వేసి చాయ్ తెప్పించాడు. వాడి పేరెత్తగానే కళ్లు తుడుచుకున్నాడు. నేను ఏడవడానికి రాలేదు భాయ్, నా బిడ్డ కారు ఎందుకు జారిందో చెప్పు అన్నాను.

చెప్పాడు. ట్రాక్ నున్నగా ఉంటుందట. అక్కడ బిగించి ఉంటే మలుపులో కారు ఒరగదు. మన రోడ్డు మీద అట్లాగే ఉంటే గుంత తగలగానే టైరు ఎగురుతుంది.

"గాల్లో ఉన్న టైరుకు బ్రేక్ ఏం చేస్తది ఆపా?"

అని, పక్కనే నిలబెట్టిన ఇంకో కారు బానెట్ లేపి లోపల బిగింపు మార్చే చిన్న నాబ్ తిప్పి చూపించాడు. టక్, టక్, టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు.

ప్రతి ఆదివారం పొద్దున విన్నాను దాన్ని. తెల్ల చీర కట్టుకుని, బైబిల్ ఒళ్లో పెట్టుకుని నేను లోపల కూర్చునేదాన్ని. వాడు బానెట్ కిందికి వంగి ఏదో తిప్పేవాడు. ప్రార్థన అయిపోతుందిరా అని కేకలేసేదాన్ని. నీ నడుము కోసమేనే అమ్మా అనేవాడు. ఊరికే అంటున్నాడు అనుకున్నాను.

చాయ్ చల్లారిపోయింది. ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తులేదు. రూప వచ్చేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. రాగానే చెప్పాను.

"అది అన్న పెట్టిపోయిన సెట్టింగ్ కాదే రూపా. శనివారం సెట్టింగ్ గది. ఆదివారం పొద్దున వాడే వదులు చేసేటోడు. ఆ ఆదివారం వాడు జ్వరంతోని లేవలే. గంతే."

అది నన్ను చూసింది.  తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అంత్యక్రియల నాడు కూడా అట్లా ఏడవలేదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

రూప షాపు నుంచి తొందరగా వచ్చింది. ఎట్లా తిప్పాలో గౌస్ భాయ్ ఫోన్‌లో చెప్పాడు. ముందు పూర్తిగా బిగించాలి, అక్కడి నుంచి లెక్కపెడుతూ వదలాలి, ఎడమ చక్రానికి ఎంతో కుడి చక్రానికి అంతే. ముందు రెండు నాబ్‌లు బానెట్ కింద, వెనకవి డిక్కీలో కార్పెట్ కింద. అన్న ఎన్ని తిప్పేటోడే అని రూప అడిగింది. నాకేం తెలుసు? గౌస్ భాయ్‌కీ తెలియదు. సరే, నీ నడుమునే అడుగుదాం కూర్చో అంది.

మొదట మొత్తం వదిలేసింది. దబీర్‌పురా స్టేషన్ దాకా పోయేసరికి కారు పడవలాగా ఊగింది. తిన్న మిర్చి బజ్జీ గొంతులోకి వచ్చింది. ఆపవే తల్లీ అన్నాను. దిగి కాస్త బిగించింది. మళ్లీ పోయాం. మళ్లీ బిగించింది. ఈసారి గట్టి. వాకిట్లో మా ఆయన, ఊరంతా చూపిస్తున్నవా మీ అమ్మకు అని నవ్వాడు. నన్ను దింపి తను ఎక్కాడు. తల కారు పైకప్పుకు కొట్టుకుంది. ఒక చుట్టు తిరిగొచ్చి, ఇంకొంచెం వదులు చెయ్యి అన్నాడు. ఈయనా మెకానిక్ అయ్యాడు.

ఆఖరిసారి కుదిరింది. గుంత వచ్చిందని తెలుస్తోంది, కానీ నడుము దాకా రావడం లేదు. రూప కావాలని తడి రోడ్డు మీద బ్రేక్ వేసి చూపించింది. నిలిచింది. 

అన్న సెట్టింగ్ కూడా గింతే ఉంటుండెనా అని అడిగింది. తెలియదే అన్నాను. నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయింది.

సెప్టెంబర్ 17

పడుకున్నాను. లేచేసరికి తెల్లారింది.

సెప్టెంబర్ 21, ఆదివారం

రూప నన్ను చర్చికి తీసుకుపోయింది. పాట మధ్యలో వాడు గుర్తొచ్చాడు. ఏడ్చాను, పాడాను, రెండూ అయ్యాయి. గుండె బరువు కొంచెం దిగింది.

వచ్చే శనివారం ట్రాక్‌కు రమ్మని గౌస్ భాయ్ రూపను పిలిచాడు. మా ఆయన నా మొహం చూశాడు. పో అన్నాను. పోయేముందు బిగించుకో, వచ్చేముందు వదులు చేసుకో, అంతే అన్నాను. రాత్రి దిండు గలీబు ఉతికి ఆరేశాను.

సెప్టెంబర్ 27, శనివారం

రూపా, ఈ బుక్కు నువ్వు తీసి చదువుతున్నావని నాకు తెలుసు. చదువుకో. ట్రాక్ నుంచి వచ్చి ఆకలి మీదుంటావు, బగారన్నం గిన్నెలో ఉంది, మూత తీసి చూడు. మంచిగా తిను.