కింది వీధి ఈరన్న బాకీ

17 ఆగస్టు 2006, గురువారం

వీరభద్రన్నకు చెల్లెలు శివజ్యోతి నమస్కారం చేసి రాసేది. నేను, నాయన బాగున్నాం. అమ్మ కన్ను ఎట్లుందని అడిగినావు. దానికి జవాబు కింద రాస్తాను, తొందరపడి చివరికి పోవద్దు.

ఈ పొద్దు వాకిలి ఊడుస్తుంటే బ్యాంకు మేనేజరు వచ్చినాడన్నా! ఇన్ని నెలలు మనల్ని తన గది బయట నిలబెట్టిన మనిషి మన గడప ముందు చెప్పులు విడిచేసరికి నా చేతిలో చీపురు అట్లే ఆగిపోయింది. ఆపిల్ పండ్లు కూడా తెచ్చినాడు.

బ్యాంకువాళ్ళు దుడ్లు ఖాతాలో తిరిగి వేసినారు కదా, ఇంకా కేసెందుకని నువ్వు రాసినావు. ఎర్రగుంట్లలో నీతో సిమెంటు మూటలు మోసేవాళ్ళకు అసలు తప్పు ఎట్లా జరిగిందో అర్థం కాలేదని కూడా రాసినావు. వాళ్ళకు ఇట్లా చెప్పు. మా పక్క ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని కన్న బిడ్డకు స్వామి పేరే పెడతారు. మన నాయన ఈరన్న, తాత ఈరన్న. కింది వీధి ఆయనా ఈరన్నే, ఆయన తండ్రీ ఈరన్నే. ఇంటిపేరు కూడా ఒక్కటే. ఊర్లో నాయనను పెద్ద ఈరన్న అని, ఆయనను కింది వీధి ఈరన్న అని పిలుచుకుంటాం. బ్యాంకులో ఆ పిలుపులు లేవు. ఆయన కట్టని పంట అప్పును, వేరుశనగ అమ్మి నాయన దాచుకున్న దుడ్లలోంచి పట్టుకున్నారు. తప్పు ఒప్పుకుని తిరిగి వేయడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలకే నేను పరిహారం అడుగుతున్నాను.

వినియోగదారుల ఫోరంలో లాయరు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చని మా తెలుగు మేడం చెప్పింది. నేనే రాసినాను. ‘తీవ్ర మానసిక వేదన’ అన్న మాట నాకు బాగా నచ్చి, అమ్మకు చదివి వినిపించినాను.

“అదేందిమే? ఏడ్చినామని రాస్తే పట్టించుకోరా?” అనింది. ఆ మాట కూడా చేర్చినాను.

మేనేజరు మంచం మీద కూర్చుని, “ఏమప్పా ఈరన్నా, పిలిస్తే సగం ఊరు పలికేటట్టు పేర్లు పెట్టుకుంటే మేమేం చేసేది?” అని నవ్వినాడు.

“దుడ్లు కట్టేటప్పుడు నా మొగం చూసి తీసుకుంటిరి కదా సార్. పట్టుకునేటప్పుడు గూడా చూడాల్సింది,” అన్నాడు నాయన.

ఆయన నవ్వు ఆగింది. ఐదు వేలిస్తాం, రాజీ కాగితం మీద వేలిముద్ర వేయి, రేపు వాయిదాకు కర్నూలుకు రావద్దు అన్నాడు. అన్నా, నాయన చెయ్యి చాచినాడు. తప్పు పట్టొద్దు. అప్పులవాళ్ళు వాకిట్లోనే ఉంటున్నారు.

ఇప్పుడు అమ్మ సంగతి. జొన్న కోతలో కంటికి కంకి గుచ్చుకుందని నీకు తెలుసు. మానిపోయిందని రాసినాను. మానలేదు. కర్నూలు డాక్టరు ఆ దినమే చేర్చమన్నాడు. నాయన బ్యాంకుకు పోతే ఖాతాలో ఏమీ లేదన్నారు. విచారిస్తాం, రేపు రా అన్నారు. రేపు, రేపు అంటుండగానే పుండు ముదిరింది. అప్పు తెచ్చి చేర్చేసరికి ఇంక చేసేదేమీ లేకపోయింది. కుడి కన్ను తీసేసినారన్నా. నీకు తెలిస్తే పని వదిలి వచ్చేస్తావని, నీ కూలితోనే పొయ్యి వెలుగుతోందని, అమ్మే అట్లా రాయించింది.

ఈ పొద్దు నాయన వేలిముద్రకు చెయ్యి చాచేసరికి అమ్మ లోపల్నుంచి వచ్చి ఆ చెయ్యి వెనక్కి లాగింది. మేనేజరుకు ఎదురుగా నిలబడి మొగం మీది కొంగు తీసింది.

“నా మొగం చూసి చెప్పు సార్. ఐదు వేలకు సరిపోయిందా?”

ఆయన లేచి పోయి చెప్పులు వేసుకున్నాడు.

గెలుస్తామో లేదో తెలియదు. కన్ను పోవడానికీ తమకూ సంబంధం లేదని వాళ్ళ లాయరు రాసిచ్చినాడు. రేపు మొదటి బస్సుకు ముగ్గురం పోతున్నాం. ఆసుపత్రిలో ఇచ్చిన నల్లద్దాలు ఇంట్లోనే పెట్టి వస్తుందంట అమ్మ. దుమ్ము పడుతుందంటే, “పడనీ. ఆ జడ్జి సారు చూడాల,” అనింది.

తెల్లారకముందే లేచి అమ్మకు తల దువ్వాలి. మొగానికి అడ్డం రాకుండా కొంగు వెనక్కి పిన్ను పెట్టాలి.

ఇట్లు,
ఇకమీద ఉన్నదున్నట్టు రాసే నీ చెల్లెలు,
శివజ్యోతి